‘చిక్కబడే వరకు’ అంటే ఎంతవరకు?

సంపాదకులు గారికి,

నమస్కారం. రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఇంట్లోనే బెర్రీ సాస్ చేసుకోవడం ఎలాగో అరపేజీ వేశారు. బొమ్మ బాగుంది. గాజు గిన్నెలో ఎర్రగా మెరిసే సాస్, పక్కన దొంతరగా పేర్చిన ప్యాన్‌కేకులు, వాటి అంచుల మీంచి సాస్ మెల్లగా కారుతోంది. ఆ కారడం చూసే నేను పడిపోయాను.

నేను 31 ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఒత్తు జారిపోతే ఆ రాత్రి నిద్రపట్టేది కాదు. అలాంటివాణ్ణి గనక మీరు అచ్చేసింది అక్షరం తప్పకుండా చేశాను. బెర్రీలు 2 కప్పులు, చక్కెర 2 కప్పులు, నీళ్లు 1 కప్పు, మొక్కజొన్న పిండి 2 చెంచాలు. అన్నీ కలిపి, ‘చిక్కబడే వరకు, సుమారు 25 నిమిషాలు’ పెద్ద మంట మీద ఉడికించమన్నారు. ఉడికించాను. గడియారం చూసుకుంటూ మరీ ఉడికించాను. చల్లారాక చెంచా గుచ్చితే అది నిటారుగా నిలబడింది. గిన్నె బోర్లించినా లోపలిది కదల్లేదు.

మా ఆవిడ వచ్చి చూసింది. గోటితో అంచు గీకి నోట్లో వేసుకుంది. ‘ఏమండీ, సాస్ చేశారా, పుస్తకాలు అతికించుకోడానికి జిగురు కాచారా?’ అంది. ఆ గిన్నె తోమడానికి రెండు రాత్రులు నానబెట్టాల్సి వచ్చింది. తోమింది నేనే.

గిన్నె సంగతి మీకు రాసేవాణ్ణి కాదు. కానీ తోమే పని ఉన్నప్పుడు బుర్ర ఖాళీగా ఉంటుంది కదా, ఆ పేజీ మళ్లీ తీసి ఎర్రపెన్నుతో చదివాను. చివర చిన్న చదరంలో వేసిన చిట్కా దగ్గర పెన్ను ఆగిపోయింది. ‘చక్కెర ఇష్టపడనివారు అదే కొలతలో తేనె వాడవచ్చు, నెలల పిల్లలకు కూడా మేలు’ అని ఉంది. మిగతా తప్పుల వల్ల గిన్నెలు మాడతాయి. ఈ తప్పు వల్ల పసిపిల్లలకు ప్రమాదం. ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. తేనెలో క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ల పేగుల్లో అవి ఏమీ చేయలేవు. పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, ఒళ్లు తోటకూర కాడలా వేలాడిపోతుంది, ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. ‘ఉడికిస్తాం కదా’ అనుకోడానికీ లేదు. ఆ బీజాలు మామూలు మరుగుకి చావవు. దయచేసి ఈ ఒక్క వాక్యానికి సవరణ వెంటనే, అదే పేజీలో, కనిపించే అక్షరాల్లో వేయండి. మిగతా నా గొడవ తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇక గొడవ.

‘చిక్కబడే వరకు’ అన్న మాట మీ వంటల పేజీలో ఎన్నిసార్లు వస్తుందో! వేరే వంటకాల్లో ఆ మాటతో నెట్టుకు రావచ్చేమో. బెర్రీ సాస్ దగ్గర మాత్రం అది కొంప ముంచుతుంది. ఈ సాస్ పొయ్యి మీద ఉండగా చిక్కగా కనబడిందంటే అప్పటికే ఆలస్యం అయిపోయినట్టు. అది చిక్కబడేది చల్లారేటప్పుడు. వేడిగా ఉన్నంతసేపు పలచగా, ‘ఇదేమిటి, నీళ్లలా ఉంది’ అనిపించేలాగే ఉంటుంది. ఆ అనుమానం ఉండగానే దించెయ్యాలి. నాకు ఈ ముక్క తెలియడానికి నాలుగు గిన్నెల పండ్లు ఖర్చయ్యాయి. మీ పేజీలో ఒక్క వాక్యం ఉంటే ఒక్క గిన్నెతో పోయేది.

ఎందుకు చిక్కబడుతుందో తెలిస్తే ఎప్పుడు దించాలో తెలుస్తుంది. పండు కణాల గోడల్లో పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. 1825లో బ్రాకొనో అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త దాన్ని వేరుచేసి, గ్రీకులో ‘గడ్డకట్టేది’ అనే అర్థం వచ్చే మాటతో ఆ పేరు పెట్టాడు. ఉడికేటప్పుడు అది రసంలోకి దిగుతుంది. పులుపు తగిలి, చక్కెర నీటిని తనవైపు లాక్కున్నప్పుడు, ఆ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ఆ అల్లిక వేడిలో జరగదు, చల్లబడుతుంటే జరుగుతుంది. చక్కెర మొత్తం బరువులో 60 నుంచి 65 శాతానికి చేరితే అల్లిక గట్టిపడి జామ్ అవుతుంది. సాస్‌కి అందులో సగం చాలు. అంటే జామ్‌కీ సాస్‌కీ తేడా పేరులో లేదు, ఎక్కడ ఆపామన్న దాంట్లో ఉంది. మీ పేజీలో శీర్షికలో సాస్ అన్నారు, మూడో పేరాలో జామ్ అన్నారు, బొమ్మ కింద సిరప్ అన్నారు. నేనే ఆ డెస్కులో ఉంటే పేజీ వెనక్కి పంపేవాణ్ణి.

కాగితం తీసుకుని మీ కొలతల లెక్క కట్టాను. 2 కప్పుల పండు 300 గ్రాములు అనుకుందాం. 2 కప్పుల చక్కెర 400 గ్రాములు. పండుకన్నా చక్కెరే ఎక్కువ! నీళ్లు 240. స్ట్రాబెర్రీలో వందకి 91 పాళ్లు నీరే. 300 గ్రాముల పండులోనే 270 గ్రాములకు పైగా నీళ్లుంటే, పైనుంచి ఇంకో కప్పు పోయించి, పోయించినదాన్ని ఆవిరి చేయడానికి పావుగంట గ్యాస్ తగలేయించడం ఎందుకు? ఆ కొలతల్లో ఓ 300 గ్రాముల నీరు ఆవిరైతే చాలు, అది జామ్ మెట్టు ఎక్కేస్తుంది. పైగా దాన్లో రెండు చెంచాల పిండి. చెంచా నిలబడకేం చేస్తుంది?

ఆ చక్కెర దగ్గర అచ్చుతప్పు పడిందని నా అనుమానం. మూలప్రతిలో ‘2 చెంచాలు’ అనో ‘4 చెంచాలు’ అనో ఉండి ఉంటుంది, పై వరసలోని ‘కప్పులు’ కంటికి తగిలి కింద కూడా అదే పడి ఉంటుంది. మా రోజుల్లో ఇలా చాలా జరిగేది. కథలో ‘చెంచా’ కప్పయినా ఎవడికీ ఏమీ కాదు. వంటలో అవుతుంది.

మొక్కజొన్న పిండి సంగతి కూడా చెప్పనివ్వండి. సాస్‌లు చిక్కబరచడానికి వాడే తెల్లటి, వేళ్ల మధ్య నలిపితే కిర్రుమనే పొడిని జనం కార్న్‌ఫ్లోర్ అంటారు. అది గింజలోంచి తీసిన గంజి మాత్రమే. గింజ మొత్తాన్ని మరపట్టిన పసుపుపచ్చ పిండి వేరే. మీ అనువాదకులు మాటకి మాట తెలుగు చేసి ‘మొక్కజొన్న పిండి’ అని రాశారు. నేను అక్షరం తప్పనివాణ్ణి కదా, పసుపు పిండే తెచ్చి వేశాను. జిగురులో ఇసక కలిపినట్టయింది. తెలుగు మీద ప్రేమ నాకూ ఉంది. కానీ వంటింట్లో డబ్బా మీద ఏ మాట ఉందో ఆ మాటే రాయాలి.

అసలు ఆ పొడి అవసరమేనా అంటే, చాలాసార్లు అక్కర్లేదు. ఓపిక లేనప్పుడు, పండు మరీ నీళ్లోడుతున్నప్పుడు, ఒక చిన్న చెంచాడు చాలు. రెండు చిన్న చెంచాల చన్నీళ్లలో కలిపి, ఉడుకుతున్న సాస్‌లో పోసి, బుడగలు వచ్చాక ఇంకో నిమిషం ఉంచి దించెయ్యాలి. పొడిని నేరుగా వేడి సాస్‌లో చల్లితే పైపొర ఉడికి లోపల తెల్లగా ఉండలు మిగులుతాయి. మొదట్లోనే వేసి 25 నిమిషాలు కాచినా లాభం లేదు. పులుపులో ఎక్కువసేపు మరిగితే గంజి బిగువు వదిలేస్తుంది. ఫ్రీజర్‌లో దాచుకునే సాస్‌లో అసలే వద్దు, కరిగినప్పుడు నీళ్లు ఒకవైపు, ముద్ద ఒకవైపు అవుతాయి.

ఇప్పుడు నేను చేసే పద్ధతి రాస్తాను. మీరు సవరణ వేసేటప్పుడు పనికొస్తుంది.

స్ట్రాబెర్రీలు 300 గ్రాములు. తొడిమలు తీయకముందే కడగాలి. తీశాక కడిగితే ఆ గుంటలో నీరు చేరుతుంది. నాలుగేసి ముక్కలు కోసి, 60 గ్రాముల చక్కెర చల్లి, ఒక పెద్ద చెంచా నిమ్మరసం పిండి, చిటికెడు ఉప్పు వేసి, మూతపెట్టి అరగంట వదిలెయ్యాలి. ఈ అరగంటలో ఏం జరుగుతుందో దగ్గర కూర్చుని చూశాను, పనేం లేదు కాబట్టి. ముందు ముక్కల మీద చక్కెర తెల్లగా గరుగ్గా ఉంటుంది. పది నిమిషాలకి తడిసి గాజులా మారుతుంది. ఇరవై నిమిషాలకి గిన్నె ఓరగా వంచితే అడుగున చెంచాడు ఎర్రరసం పారుతుంది. అరగంటకి ముక్కలు రసంలో సగం మునిగి ఉంటాయి, వాటి అంచులు మెత్తబడి వంగుతాయి. చుక్క నీరు పోయనక్కర్లేదు. చక్కెర పండులోని నీటినే బయటికి లాగింది.

వెడల్పాటి స్టీలు గిన్నె వాడండి. లోతు గిన్నెలో ఆవిరి పోవడానికి చోటుండదు, పండు కుళ్లిపోయినట్టు ఉడుకుతుంది. అల్యూమినియం వద్దు, పులుపు దాన్ని తింటుంది, రంగు చెడుతుంది, లోహం రుచి వస్తుంది.

మధ్యస్థం మంట మీద పెడితే మూడు నాలుగు నిమిషాల్లో గులాబీ రంగు నురగ కడుతుంది. చూస్తూ ఉంటే ముక్కలు పాలిపోతాయి. నేను మొదటిసారి చూసినప్పుడు కంగారు పడ్డాను, పండు రంగు పోయిందేమిటని. పోలేదు, రసంలోకి దిగింది. ఇంకాసేపటికి ఆ రంగే మళ్లీ ముక్కల్లోకి ఇంకుతుంది. అప్పుడు నురగ తగ్గి, బుడగలు చిన్నవి పోయి పెద్దవి వస్తాయి. శబ్దం కూడా మారుతుంది. ముందు చిటపటమన్నది, తరవాత బుడబుడమంటుంది. ఎనిమిది తొమ్మిది నిమిషాలు అయి ఉంటుంది. అక్కడ జాగ్రత్తపడాలి.

ఆ ‘అక్కడ’ ఎక్కడో తేల్చడానికి నాకు రెండు మార్గాలు దొరికాయి. ఒకటి తూకం. ముందే ఖాళీ గిన్నె బరువు తూచి పెట్టుకుంటాను. పండు, చక్కెర, నిమ్మరసం కలిపి సుమారు 375 గ్రాములు. గిన్నె బరువు తీసేస్తే లోపల 280 మిగిలిందంటే, నాలుగింట మూడొంతులకు వచ్చిందన్నమాట. దించేస్తాను. వేడి గిన్నెని తూకం మీద పెట్టేముందు కింద చెక్కపలక పెట్టుకుని, పలక బరువు కూడా తీసెయ్యాలి. మా ఆవిడ దీన్ని చూసి నవ్వుతుంది. నవ్వనివ్వండి. థర్మామీటరు మాత్రం ఇక్కడ పనికిరాదు. జామ్‌కైతే సముద్రమట్టంలో 104, 105 డిగ్రీల దగ్గర ఆగమంటారు. సాస్‌లో చక్కెర తక్కువ, అది నీరు మరిగే వేడికి ఓ డిగ్రీ పైన తచ్చాడుతూనే పూర్తయిపోతుంది.

రెండో మార్గం మా ఆవిడది, తూకంతో పనిలేనిది. ఒక స్టీలు సాసరు ముందే ఫ్రీజర్‌లో పెట్టి ఉంచుతుంది. ఏడో నిమిషంలో మంట తగ్గించి, అర చెంచాడు సాస్ ఆ చల్లటి సాసరు మీద వేస్తుంది. అర నిమిషం ఆగి, చూపుడువేలితో మధ్యలోంచి గీత గీస్తుంది. రసం తక్షణం పరుగెత్తి గీతని కప్పేస్తే ఇంకా రెండు నిమిషాలు. గీత కాసేపు నిలిచి, రెండు అంచులూ తాపీగా దగ్గరికి జరిగి కలిస్తే అయిపోయింది. గీత అలాగే ఉండిపోయి, వేలు ఆనించిన చోట ముడత పడిందా, మీరు సాస్ దాటి జామ్‌లోకి వెళ్లిపోయారు. వెళ్లినా ప్రాణం మీదికేమీ రాదు, రెండు చెంచాల వేడినీళ్లు కలిపి వెనక్కి తెచ్చుకోవచ్చు. నా మొదటి గిన్నెకి మాత్రం ఆ చికిత్స పనిచేయలేదు.

‘చిక్కబడే వరకు’ అన్న చోట ఈ గీత పరీక్ష ఒక్క వాక్యంగా వేసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

మీ పేజీలో ‘బెర్రీలు’ అని ఊరుకున్నారు, ఏ బెర్రీలో చెప్పలేదు. ఎప్పుడో ఒక వృక్షశాస్త్రం పాఠ్యపుస్తకం దిద్దుతూ తెలుసుకున్నాను, శాస్త్రం లెక్కలో స్ట్రాబెర్రీ బెర్రీయే కాదట. టమాటా, అరటి మాత్రం బెర్రీలట. ఆ రోజు ఆ పేరాలో అచ్చుతప్పేమో అని రచయితకి చీటీ రాసి పంపాను కూడా. పంచాయితీ ఎలా ఉన్నా, వంటకి దాన్లోంచి ఒకటి పనికొస్తుంది. గింజలు ఎక్కడున్నాయి, తోలు ఎలా ఉంది అన్నది. స్ట్రాబెర్రీ గింజల్లా కనబడేవి పైపైన ఉంటాయి, పంటికి పెద్దగా అడ్డం రావు. బ్లూబెర్రీ నిజమైన బెర్రీ. గింజలు చిన్నవి, కానీ తోలు గట్టిది. వాటిలో సగాన్ని గరిటె వెనకతో చిదిమితే తప్ప రసం వదలవు, గుండ్రంగా అలాగే తేలుతుంటాయి. రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ ఒక పండు కాదు, బుల్లి బుల్లి పండ్ల గుత్తి. ప్రతి పూసలోనూ ఒక గట్టి గింజ. ఐస్‌క్రీమ్ మీద వేసుకునేటప్పుడు ఆ గింజ పళ్ల సందున ఇరుక్కుంటే రుచంతా పోతుంది. వడకట్టాల్సిందే. మిక్సీలో తిప్పి వడకడదామని తెలివికి పోకండి. గింజలు పగిలి చేదు దిగుతుంది. వేడిగా ఉండగానే స్టీలు జల్లెడలో పోసి గరిటె వెనకతో రుద్దాలి. అడుగున అంటుకున్నది గీకి తీసుకోవాలి, చిక్కదనమంతా అక్కడే ఉంటుంది.

ఫ్రెంచివాళ్లు ఇలా వడకట్టినదాన్ని కూలీ అంటారు, పారేది అని అర్థం. ఎస్కోఫియే అనే ప్రఖ్యాత వంటవాడు నెల్లీ మెల్బా అనే ఆస్ట్రేలియా గాయని పేరు మీద పీచ్ మెల్బా కట్టాడు. పీచ్ పండు, వనిల్లా ఐస్‌క్రీమ్, పైన రాస్ప్‌బెర్రీ గుజ్జు. 1890ల్లో లండన్‌లో మొదట వడ్డించినప్పుడు ఆ ఎర్ర గుజ్జు లేదు, తరవాత చేర్చాడు. ఇప్పుడు అది లేకుండా ఇస్తే ఎవరూ మెల్బా అనరు. నాకీ సంగతి ఎందుకు నచ్చిందంటే, సాస్ పైపై అలంకారం అనుకునేవాళ్లకి చూపించడానికి బాగుంటుంది.

రంగు దగ్గర ఒక తమాషా జరిగింది, చెబుతాను. మూడో ప్రయత్నం బ్లూబెర్రీలతో చేశాను. నిమ్మరసం మరిచిపోయాను. ముదురు ఊదా రంగులో, కాస్త నీలి సిరాలా వచ్చింది. తరవాత గుర్తొచ్చి నిమ్మకాయ పిండితే, చుక్క పడ్డ చోటల్లా ఎరుపు పువ్వులా విచ్చుకుంది. కలిపేసరికి మొత్తం ఎర్రటి ఊదా అయింది. అందులో మిగిలింది మర్నాడు ప్యాన్‌కేక్ పిండిలో నేరుగా కలిపేశాను, పైన పోయడం ఎందుకు, లోపలే ఉంటే పోలా అని. పెనం మీద అది బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగుకి తిరిగింది. మనవడు పళ్లెం దూరం జరిపి, ‘తాతయ్యా, దీనికి బూజు పట్టింది’ అన్నాడు. బూజు కాదు. ఆ పండ్ల రంగుకి కారణమైన ఆంథోసయనిన్లు పులుపులో ఎర్రగా, పులుపు తగ్గితే నీలంగా, ఇంకా క్షారం వైపు జరిగితే పచ్చగా మారతాయి. పిండిలో వంటసోడా ఉంది కదా. తినడానికి ఏ ప్రమాదమూ లేదు, కానీ ఏడేళ్లవాడికి ఆ మాట చెప్పి నమ్మించడం నావల్ల కాలేదు. కోడలు ‘మామయ్యా, మీరు పైనే పోయండి’ అని తేల్చేసింది. అప్పట్నించీ పైనే పోస్తున్నాను. నిమ్మరసం మాత్రం మరవను. రంగుకీ, పెక్టిన్ అల్లుకోడానికీ, చక్కెర తీపి మొహం మొత్తకుండా ఉండటానికీ, మూడింటికీ అదే.

తాజా పండ్లే ఉండాలని మీరు పట్టుబట్టారు. అక్కర్లేదు. గడ్డకట్టించినవి సాస్‌కి ఇంకా నయం. మంచు స్ఫటికాలు కణాల గోడల్ని ముందే చీల్చి ఉంటాయి కాబట్టి అరగంట నానబెట్టే పని కూడా తప్పుతుంది. కరిగించకుండా నేరుగా గిన్నెలో వేయొచ్చు. అయితే వాటిని తప్పనిసరిగా మరిగించండి, ఉత్తినే కరిగించి పెరుగులో వేసుకోకండి. 2013లో యూరప్‌లో గడ్డకట్టించిన బెర్రీల వల్ల హెపటైటిస్-ఏ వ్యాపించినప్పుడు, దిగుమతి అయిన అలాంటి పండ్లని తినేముందు ఒక నిమిషం మరిగించమని ఐర్లాండ్ ఆహార భద్రతా అధికారులు ప్రజలకు చెప్పారు. సాస్ చేసుకుంటే ఆ పని ఎలాగూ అయిపోతుంది.

పండ్లన్నీ ఒకేసారి ఉడికించేయకుండా మూడోవంతు పక్కన పెట్టుకోవడం మా ఆవిడ పద్ధతి. తాజా పండ్లైతే దించేసి ఆ వేడిలోనే కలుపుతుంది, గడ్డకట్టినవైతే చివరి రెండు నిమిషాల్లో వేసి మరగనిస్తుంది. అప్పుడు సాస్‌లో కొంత పండు కరిగిపోయి, కొంత ముక్కగా పంటికి తగులుతూ ఉంటుంది. ఉడికిన పండుకి ఒక రుచి, పచ్చిదానికి ఒక రుచి. రెండూ ఒక చెంచాలో రావడం నాకు నచ్చింది. ఓట్స్ మీదికి, పెరుగులోకి ఇలా ముక్కలున్నదే బాగుంటుంది. చీజ్‌కేక్, పన్నాకోటా లాంటి నున్నటి వాటి మీదికి వడకట్టింది. వాఫిల్ మీదికి కాస్త పలచగా ఉంటే గళ్లలోకి దిగుతుంది. ఐస్‌క్రీమ్ మీదికి పూర్తిగా చల్లార్చి పోయాలి, ఈ ముక్క చెప్పనక్కర్లేదు అనుకునేవాణ్ణి, మా ఇంట్లో ఒకరు వేడిది పోసి చూపించేదాకా.

నిల్వ సంగతి. ‘బయట నెల రోజులు ఉంటుంది’ అని రాశారు. మీ 2 కప్పుల చక్కెర లెక్కలో ఉండేదేమో తెలియదు గానీ, సాస్ కొలతలో ఉండదు. జామ్‌ని కాపాడేది చక్కెర. దాన్ని సగం చేశాక ఆ కాపలా కూడా పోయింది. చల్లారాక, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టి, పొడి చెంచాతో తీసుకుంటూ వారంలో అవగొట్టాలి. ఎక్కువ చేసుకుంటే ఐస్ ముక్కల ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టాక డబ్బాలోకి మార్చుకోండి. రెండు మూడు నెలలు రుచి చెడదు. పొద్దున్నే వేడి ఓట్స్ గిన్నెలో ఒక ముక్క వేస్తే, కలిపేలోపు చుట్టూ ఎర్రగా విచ్చుకుంటూ దానంతట అది కరుగుతుంది.

ఉత్తరం పెద్దదైంది. మీరు కత్తిరిస్తారని తెలుసు, 31 ఏళ్లు ఆ కత్తెర పక్కనే కూర్చున్నాను. ఏది కోసినా తేనె పేరా కొయ్యకండి. సవరణ వేసేటప్పుడు చక్కెర 2 కప్పులు కాదు, 60 గ్రాములు అని అంకెల్లో వేయండి. ‘చెంచా’ అన్న ప్రతిచోటా చిన్నదా పెద్దదా రాయించండి. ఒకటి 5 మిల్లీలీటర్లు, ఇంకొకటి 15. అచ్చుకి వెళ్లేముందు ప్రూఫు నాకు పంపితే ఆ పూటే చూసి పంపిస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, రిటైరైన ప్రూఫ్ రీడరు